మద్రాసు నీళ్లు, బస్సు గ్యాసు

"ఏం తంబీ, తాగే నీళ్లని గ్యాసు చేసి బస్సులు తోలుతున్నారంటగా? 2019లో నువ్విక్కడ లేవు. ఉండుంటే ఆ ఉద్యోగంలో చేరేవాడివి కాదు" అంది చెన్నై పోరూరులో మా ఇంటి ఓనరమ్మ. కోపంగా కూడా అనలేదు. పిల్లాడు కంచంలో అన్నం వదిలేస్తే అన్నట్టు అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

నేను ఒరగడం వైపు ఒక ఫ్యాక్టరీలో హైడ్రోజన్ స్టేషన్ ఆపరేటర్ని. స్టాఫ్‌ని తెచ్చే షటిల్ బస్సుల్లో కొన్ని ఫ్యూయెల్ సెల్ బస్సులు, ఇంకా ట్రయల్ మీదున్నాయి. షెడ్ల మీద సోలార్ ప్యానెళ్లు, కింద ఎలక్ట్రోలైజర్, కంప్రెసర్, సిలిండర్ల బ్యాంకు, డిస్పెన్సర్. నీళ్లని కరెంటుతో విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ని 350 బార్ ప్రెషర్‌లో బస్సు ట్యాంకుల్లోకి ఎక్కిస్తాం. బస్సులో అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కరెంటవుతుంది. పొగ రావాల్సిన చోట నీళ్లు కారతాయి. మా అమ్మకి ఇదంతా చెబితే "అంటే బంకులో పనే కదరా" అంది.

మామూలుగా అందరూ అడిగేది పేలదా అని. దానికి జవాబు నోటికొచ్చు. వంటగ్యాసు లీకైతే నేలమీదే పేరుకుంటుంది, ఇది తేలిక కాబట్టి పైకి పోతుంది, అందుకే డిటెక్టర్లు కప్పుకే పెడతాం. అయితే దీనికి వాసనుండదు. వంటగ్యాసులో వాసన కోసం కలిపే గంధకం మందు ఇందులో కలిపితే ఫ్యూయెల్ సెల్‌లో ప్లాటినం పాడైపోతుంది. మంట కూడా పగటిపూట కంటికి ఆనదు. కాబట్టి ముక్కునీ కంటినీ నమ్మం, మీటర్లని నమ్ముతాం. ఇలా గడగడా చెప్పేయగలను. ఓనరమ్మ మాత్రం పేలుడు ఊసే ఎత్తలేదు. నీళ్లడిగింది.

2019 ఎండాకాలంలో చెరువులన్నీ ఎండిపోయి, జూలైలో జోలార్‌పేట నుంచి రైలు మీద నీళ్లు తెచ్చుకున్న ఊరిది. ఒక్కో రైల్లో 25 లక్షల లీటర్లు. ఓనరమ్మ అప్పుడు ప్లాస్టిక్ బిందెలకి పేర్లు రాసి లారీ దగ్గర వరసలో పెట్టేదట. ఆ బిందెలు ఇప్పటికీ మేడమీదున్నాయి, పారేయనివ్వదు. అంతవరకూ నాకూ అర్థమవుతుంది.

కానీ "మా నీళ్లు" అంది చూడండి, అక్కడ మాత్రం నాకు మండింది. మాది రాపూరు దగ్గర పల్లె. కండలేరు జలాశయానికి చేరిన కృష్ణ నీళ్లు మా ఊరి మీదుగానే చెన్నైకి నీళ్లిచ్చే పూండి చెరువుకి వస్తాయి. 1983లో తెలుగు గంగ ఒప్పందం, 1996లో మొదటిసారి నీళ్లు, ఏటా 12 టీఎంసీలు ఇవ్వాలన్నది మాట. ప్రతి ఏడూ అన్నీ రావు, అది వేరే సంగతి. అమ్మా, మీ కుళాయిలో మా నెల్లూరోళ్ల వాటా కూడా ఉంది, నా బస్సుకి నాలుగు చెంబులు తీసుకుంటే నన్ను దొంగని చూసినట్టు చూస్తారేం అని అడుగుదామనుకున్నా. అడగలేదు. అద్దె ఇంట్లో ఉండి టీఎంసీల పంచాయితీ పెట్టుకోకూడదు. అసలు కృష్ణ నీళ్లు నెల్లూరివి ఎప్పుడయ్యాయని కర్నూలోళ్లు అడిగితే నా దగ్గర మాత్రం జవాబేముంది?

అందుకని గదికెళ్లి లెక్క వేశాను. కిలో హైడ్రోజన్‌కి కెమిస్ట్రీ ప్రకారం 9 లీటర్ల నీళ్లు. పెద్ద బస్సు 100 కిలోమీటర్లకి 8, 9 కిలోలు తాగుతుంది. రోజుకి 200 కిలోమీటర్లు తిరిగితే 150 లీటర్లు. ఆర్‌ఓలో వృథా పోయేది కలుపుకుని రెట్టింపు వేసుకున్నా 300. ఒక్క 12,000 లీటర్ల ట్యాంకరు వస్తే ఒక బస్సుకి నెల దాటి సరిపోతుంది. మర్నాడు చెబితే ఓనరమ్మ కాగితం తీసుకుని కళ్లజోడు పెట్టుకుని చూసింది. "సరే, నీళ్లు తక్కువే. కరెంటు?" అంది. రిటైరైన లెక్కల టీచరు మరి.

అక్కడ దొరికిపోయాం. కిలో గ్యాసు చేయడానికి 50 నుంచి 55 యూనిట్లు పోతాయి. ఆ కిలో నుంచి బస్సు మోటారుకి చేరేది 16, 17 యూనిట్లు. అదే కరెంటు బ్యాటరీలో పోస్తే 40కి పైనే చేరేది. 2025 జూన్‌లో వ్యాసర్పాడి డిపో నుంచి చెన్నై సిటీ బస్సులు నడిపే ఎం.టి.సి. 120 బ్యాటరీ బస్సులు వదిలింది. పోరూరు నుంచి ఒరగడానికి ఆ బస్సులు చాలవా? చాలు. ఈ మాట మా ప్లాంటులో బయటికి అనరు గానీ క్యాంటీన్లో అందరూ అంటారు.

మరెందుకు చేస్తున్నట్టు? ఒకటి, నింపడానికి పట్టేది నిమిషాల్లో పని. మూడు షిఫ్టులు తిరిగే బస్సు గంటలకొద్దీ ప్లగ్గుకి అతుక్కుని నిలబడక్కర్లేదు. రెండోది నిలవ. తమిళనాడులో ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని సామెత. ఆ రోజుల్లో గాలిమరలు కొన్నిసార్లు గ్రిడ్డుకి పట్టనంత కరెంటు ఇస్తాయి. ఆపేసి పారేసుకునే బదులు సిలిండర్లలో దాచుకుంటే, మూడింట రెండొంతులు పోయినా ఒక వంతు మిగులుతుంది. మా మధ్యాహ్నం ఎండ రాత్రి షిఫ్టు బస్సుకి పనికొస్తున్నది ఈ దారినే. నవంబరు ముసురులో మాత్రం ఎండా లేదు, గాలీ లేదు. అప్పుడు గ్రిడ్డు కరెంటే దిక్కు. ఆ నెలల్లో బస్సు పక్కన రాసిన ఆకుపచ్చ అక్షరాలు చూస్తే నాకే కొంచెం మొహమాటంగా ఉంటుంది.

నన్నడిగితే ఇది ఊళ్లో తిరిగే షటిల్‌కి కాదు, దూరానికి. ఎన్నూరులో ఫ్యాక్టరీ ఉన్న అశోక్ లేలాండ్ వాళ్ల హైడ్రోజన్ బస్సుల్ని ఎన్టీపీసీ 11,500 అడుగుల ఎత్తున లేహ్‌లో పెట్టింది. ఆ చలిలో బ్యాటరీ డీలా పడుతుంది కాబట్టి అక్కడ దానికో అర్థముంది. అంత దూరం ఎందుకు, మాధవరం నుంచి నెల్లూరికి రాత్రీ పగలూ తిరిగే బస్సులున్నాయి. సూళ్లూరుపేటలో ఒక స్టేషన్ పెట్టండి. రాకెట్లకి హైడ్రోజన్ పోసే శ్రీహరికోట షార్ పక్కనే ఉంది, ఆ ఊళ్లో వాళ్లకి ఈ పేరు కొత్తేం కాదు. ఆ రూట్లో వేస్తే పాసు అడగను, టికెట్ కొనుక్కునే ఎక్కుతా.