తమ్ముడి మజ్జిగలో ఉప్పు

ఎండాకాలం వచ్చిందంటే పొదిలిలోని మా ఇంట్లో మజ్జిగ రెండు గిన్నెల్లో కలుపుతాం. గుండెకు స్టెంట్ వేశాక ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి నాన్న గిన్నెలో వేయం. తమ్ముడి గిన్నెలో మాత్రం వేస్తాం. వాడు బైపోలార్ జబ్బుకు, అంటే ఉత్సాహం, దిగులు హద్దు దాటి మారిమారి వచ్చే మానసిక జబ్బుకు, లిథియం అనే మందు వాడుతున్నాడు. ఒంట్లో నీరు, ఉప్పు బాగా తగ్గితే ఆ మందు రక్తంలో పేరుకుని విషంగా మారుతుంది. అందుకే రోళ్లు పగిలే ఎండల్లో అమ్మ చెంబు పట్టుకుని వాడి వెంటే తిరుగుతుంది. రక్తపరీక్షకు ఒంగోలు తీసుకెళ్తాం.

ఇదే లిథియం అట్ట మొదట్లో మా బియ్యం డబ్బా అడుగున ఉండేది. నాన్న మాత్రలేమో టీవీ పక్కన, అందరికీ కనబడేలా. ఆయనకు స్టెంట్ వేసినప్పుడు బత్తాయిల సంచులతో చుట్టాలు వరుస కట్టారు. 2019లో తమ్ముడు నాలుగు రాత్రులు కునుకు లేకుండా, చీమకుర్తిలో క్వారీ కొంటానని కనబడినవారినల్లా అప్పు అడిగినప్పుడు గాలి సోకిందన్నారు. ఏఎస్ పేట దర్గాకు జీపు నిండా మాతో వచ్చారు. అది వారి నమ్మకం, ప్రేమ కూడా. తప్పుపట్టను. కానీ మానసిక వైద్యుడి దగ్గరకు బయలుదేరిన రోజు వాడి పక్కన అమ్మా నేనే. "పిచ్చి డాక్టరు దగ్గరకని ఎక్కడా అనకండి, పిల్లకు సంబంధాలు రావు" అంది మేనత్త. ఆ పిల్లను నేనే.

ఆసుపత్రి ఖర్చు ఇవ్వడానికి బీమా సంస్థ ఒప్పుకోలేదు. మానసిక జబ్బులకు వర్తించదని ఒక్క ముక్కలో తేల్చేసింది. అప్పుడే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తిరగేశాను. శారీరక జబ్బులకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మానసిక జబ్బులకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని 21వ సెక్షన్ చెబుతోంది. చదువుతుంటే మా బియ్యం డబ్బా గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ సెక్షన్ చూపించి మూడు ఉత్తరాలు రాస్తేగానీ డబ్బు రాలేదు. డబ్బు చేతికొచ్చిన రోజే ఆ అట్ట తీసి, అంటుకున్న తవుడు దులిపి, నాన్న మాత్రల పక్కన పెట్టాను. అమ్మ చూసింది. తీయలేదు.

మొన్న మేనత్త వచ్చినప్పుడు తమ్ముడు తలనొప్పి అన్నాడు. ఆమె తన సంచిలోంచి మాత్ర తీసింది. వంటింట్లోంచి అమ్మ గొంతు వీధి వాకిలి దాకా వినిపించింది.

"ఆగు వదినా! వాడు లిథియం వాడుతున్నాడు. ఏ నొప్పి మాత్ర పడితే అది వేయకూడదు, డాక్టరుకు ఫోను చేసి అడుగుతానుండు."