చెక్కపని అయ్యోరు, మిగ్-21, బొరుగులోడి కొడుకు

మన చిత్తూరు స్కూలు పాత విద్యార్థుల సంచిక కమిటీ తరఫున మన రేడియోగాడు వాట్సాప్‌లో ఆర్డరు వేశాడు: "స్కూలు గురించి ఒక పేజీ, ఎయిర్‌ఫోర్స్ గురించి ఒక పేజీ. ఆదివారం లోపల పంపాల." వాడి లెక్క వాడిది. నాకు ఆ రెండూ విడివిడిగా రావు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఎటు పోయాయో నన్నడగొద్దు. కట్టమంచి చెరువు సంగతి చిన్నబ్బ ఎలాగూ రాస్తాడు. నాటకంలో గద విరిగిన కథ కనీసం నలుగురు రాస్తారు. నేను చెక్కపని నేర్పిన అయ్యోరి దగ్గరికే పోతాను.

ఆ చెక్కపని షెడ్డు గోడకి ఆయన కొట్టించిన పలక గుర్తుందా? ఒక్కో పనిముట్టుకి ఒక్కో మేకు. మేకు వెనక అదే ఆకారం నల్ల పెయింటుతో. రంపం చోట రంపం నీడ, మూలమట్టం చోట మూలమట్టం నీడ. బెల్లు కొట్టాక ఆయన మన మొహాలు చూసేవారు కాదు, పలక చూసేవారు. "ఖాళీ నీడ ఉంటే తలుపు తీసేది లేదు." అంతే. గట్టిగా అరిచిన మనిషి కాదు.

తొమ్మిదిలో అరంగుళం ఉలి పోయిన సాయంత్రం అందరికీ గుర్తుండే ఉంటుంది. నాలుగున్నరకి బెల్లు కొట్టారు. పలకమీద వేలెడంత నల్లమచ్చ ఖాళీగా ఉంది. ఐదైంది, ఐదున్నరైంది. బంగారుపాళెం బస్సు పిల్లకాయలు ఏడుపు మొదలుపెట్టారు. హెడ్మాస్టరు వచ్చి, "పోనీలేండి సార్, రేపు చూద్దాం" అన్నా అయ్యోరు కదల్లేదు. పంచె ఎగ్గట్టి, మూలనున్న రంపప్పొట్టు కుప్పలో కూర్చుని పిడికెడు పిడికెడు తీసి జల్లిస్తున్నారు. ఎవరినీ కొట్టలేదు, ఎవరి మీదా అనుమానం పెట్టలేదు. చివరికి అది ఎవరి సంచిలో దొరికిందో నేను రాయను. ఆ సంచి ఆసామి ఇప్పుడు మన సంచికకి కోశాధికారి, రేపు నా చందా రసీదు ఆయనే ఇవ్వాలి. అయ్యోరు ఉలి తీసుకుని పంచె అంచుతో తుడిచి, దాని నీడ మీద తగిలించి, "పోండ్రా" అన్నారు. బస్సు పిల్లకాయల వెంట బస్టాండు దాకా నడిచి, వాళ్లని తర్వాతి బస్సెక్కించి గానీ ఇంటికి పోలేదంట.

ఇంటర్ అయ్యాక ఎయిర్‌ఫోర్స్ సెలక్షన్ రాశాను. బెల్గాంలో డ్రిల్లు, తాంబరంలో ఇంజిన్ పని. అక్కడ టూల్ రూమ్‌లో అడుగుపెట్టగానే ఎదురుగా ఒక బోర్డు, దానిమీద పనిముట్ల నీడలు. నాకు నవ్వాగలేదు. పక్కనున్న పంజాబీ కుర్రాడు ఏమైందన్నాడు. చిత్తూరులో మా అయ్యోరు అని వాడికెక్కడ మొదలుపెట్టి చెప్పను?

యుద్ధవిమానం దగ్గర ఆ నీడ విలువ వేరు. పని అయ్యాక ఒక్క స్పానర్ లెక్క తగ్గినా ఆ విమానం ఎగరదు. దొరికేదాకా ప్యానెళ్లు విప్పుతూనే ఉంటాం. లోపల మర్చిపోయిన స్క్రూడ్రైవర్ విమానాన్ని తిప్పే కంట్రోల్ రాడ్లకి అడ్డం పడొచ్చు, ఇంజిన్‌లోకి చేరితే బ్లేడ్లు ముక్కలవుతాయి. ఇంజిన్‌కి గాలి పోయే ఇన్‌టేక్ చూసే ముందు జేబులన్నీ ఖాళీ: పెన్ను, చిల్లర, ఉంగరం, ఆఖరికి దువ్వెన (నవ్వొద్దు చిన్నబ్బా). తెల్లారగానే అందరం వరసగా నిలబడి, తల వంచుకుని రాళ్లూ మేకులూ ఏరుకుంటూ విమానాలు నిలిపే టార్మాక్ అంతా నడుస్తాం. శనివారం ఆఖరి పీరియడ్‌లో గ్రౌండులో పల్లేరుకాయలు ఏరించినట్టే.

నా వేళ్లకి బాగా తెలిసిన పని లాకింగ్ వైరు. బోల్టు బిగించాక దాని తలలోని రంధ్రంలోంచి సన్నటి స్టీలు తీగ దూర్చి, మెలిపెట్టి, పక్క బోల్టుకి కట్టాలి. మెలి ఎటుండాలంటే, అదురుకి ఈ బోల్టు వదులవబోతే తీగ రెండోదాన్ని బిగువు వైపు లాగాలి. తీగ చివర సూదిలా గుచ్చుకుంటుంది. కత్తిరించిన ముక్క కింద పడకూడదు, సంచిలో వేసుకోవాలి. రాజస్థాన్ ఎడారిలో మే నెల మధ్యాహ్నం ఆ లోహాన్ని తాకితే చర్మం అంటుకునేది. డిసెంబర్ తెల్లవారుజామున అదే తీగ చేతికి తెలిసేది కాదు. నేను పనిచేసిన మిగ్-21 యుద్ధవిమానం ఇంజిన్లు మన దేశంలోనే, ఒడిశా కోరాపుట్‌లోని ప్రభుత్వ విమాన కర్మాగారం హెచ్‌ఏఎల్‌లో తయారయ్యేవి. ఆ ఇంజిన్ నూనెలో గోటిమీద మచ్చంత ఇనుప రజను కనబడితే చాలు, ఆ రాత్రి ఎవరికీ నిద్రుండదు.

మొన్న మన క్లాసు బొరుగులోడింటికి, తిరుపతి బైరాగిపట్టెడకి పోయాను. వాడి కొడుకు గది చూడాలి మీరు! జాయ్‌స్టిక్, థ్రాటిల్, కాళ్లకింద పెడల్స్. కంప్యూటర్‌లో డీసీఎస్ వరల్డ్ అనే విమానాల ఆట పెట్టుకుని నా మిగ్-21నే ఎగరేస్తున్నాడు. "రండంకుల్" అని కుర్చీ వేశాడు. ఏ స్విచ్ తర్వాత ఏది వేయాలో వాడు తడుముకోకుండా వేస్తుంటే నేను నోరు తెరిచాను. కాక్‌పిట్ వరస మా లైన్‌లో సగం మంది కంటే వాడికే బాగా తెలుసు, ఒప్పుకోవాలి. టేకాఫ్ బాగుంది. దిగేటప్పుడు మాత్రం వేగం ఎక్కువై చక్రాలు విరిగాయి. వాడేం కంగారు పడలేదు. రిపేర్ అడిగాడు, నిమిషాల్లో విమానం కొత్తది.

"ఆ పారాచూట్ ఎవర్రా మడిచేది?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. మిగ్-21 గంటకి మూడొందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దిగడానికి వచ్చేది. ఆపడానికి తోక దగ్గర పారాచూట్ విచ్చుకునేది. పైలట్ దాన్ని రన్‌వే చివర వదిలేసి వెళ్లిపోయేవాడు. మావాళ్లు దాన్ని ఏరుకొచ్చి, ఆరబెట్టి, చిరుగులు చూసి, మోకాళ్లతో అదిమి మడిచి మళ్లీ కూరేవాళ్లు. వాడి ఆటలో అదంతా తెర వెనకే జరిగిపోతోంది.

ఇలా నేలమీదే ఎగరడం నేర్పే సిమ్యులేటర్‌ని తక్కువ చేయడం లేదు. ఇంజిన్ ఆగిపోవడం, పక్షి తగలడం, ఇవన్నీ పైలట్ ప్రాణాలతో నేర్చుకోకూడదనే ఎయిర్‌ఫోర్స్ కూడా సిమ్యులేటర్లు కొంటుంది. అమెరికాలో ఎడ్విన్ లింక్ 1929లోనే అలాంటి నకిలీ కాక్‌పిట్ పెట్టె చేశాడు. కానీ కుర్చీలో కూర్చున్నవాడి ఒంటి బరువు, నిజం విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు అయినట్టు, ఏడెనిమిది రెట్లు కాదు. ఒక సార్టీ, అంటే ఒకసారి ఎగిరి రావడం, అయ్యాక నిచ్చెన దిగే పైలట్ ఓవరాల్ పిండితే నీళ్లు కారతాయి. ఇంకొకటి, ఆ ఆటలో విమానం ఎప్పుడూ బాగానే ఉంటుంది, బాగుందని ఎవరూ సంతకం పెట్టనక్కర్లేదు. మా దగ్గర ఎఫ్-700 అనే పుస్తకం ఉంటుంది. ఒక్కో ట్రేడువాడు తన పని చూసి అందులో సంతకం పెడతాడు. ఆ తర్వాతే పైలట్ సంతకం. ఎంత పెద్ద ఆఫీసరైనా నా సంతకం చూసుకునే విమానం ఎక్కాలి. అమెరికా పోయిన మనవాళ్లు జీతాలు మాట్లాడుకునేటప్పుడు నేను మనసులో చూసుకునేది ఆ పేజీనే.

"మీరెన్నిసార్లు ఎగిరారంకుల్?" అన్నాడు పిల్లోడు. మిగ్-21 ఫైటర్‌లో ఉండేది ఒకటే సీటు నాయనా అన్నాను. తర్వాత పూణేలో సుఖోయ్-30 యుద్ధవిమానం మీద చేశాను. దానికి రెండు సీట్లు, రెండింటిలోనూ ఎక్కేది వేరేవాళ్లే. వాడు నా వైపు జాలిగా చూశాడు. ఏం ఫరవాలేదు. బెల్టులు బిగించి, ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే సీటు భద్రతా పిన్నులు తీసి చూపించి, నిచ్చెన దిగి వచ్చాక విమానం రీహీట్‌తో, అంటే ఇంజిన్ తోకలో మళ్లీ ఇంధనం మండించే అదనపు బలంతో, లేస్తుంటే గుండెలో తగిలే ఆ చప్పుడు వాడి హెడ్‌ఫోన్‌లో రాదు.

1963లో చండీగఢ్‌లో మొదలైన మిగ్-21కి 2025 సెప్టెంబర్ 26న అక్కడే వీడ్కోలు చెప్పారు. మన గ్రూపులో అందరూ దండాల బొమ్మలు పెట్టారు. ఒకరు మాత్రం 'ఎగిరే శవపేటిక' అన్న పేపర్ల మాట ఎత్తారు. ప్రమాదాలు జరగలేదని ఎవరన్నారు? తెలిసినవాళ్లని పోగొట్టుకున్నాం. కానీ 1971 డిసెంబర్ 14న ఢాకా గవర్నర్ భవనం మీద రాకెట్లు వేసింది కూడా ఆ విమానమే. దాన్ని తిట్టేటప్పుడు అది కూడా గుర్తుండాలి. వీడ్కోలు రోజు టీవీలో కెమెరాలన్నీ పైలట్ల మీదే. నేను చక్రాలు దొర్లకుండా అడ్డం పెట్టిన చాక్‌లు లాగేవాడి కోసం వెతుకుతూ కూర్చున్నాను.

కమిటీ వారికి ఒక మనవి. పోయినసారి ఆహ్వానంలో నా పేరు పక్కన 'యుద్ధవిమాన పైలట్' అని అచ్చేశారు. మా ఆవిడ చుట్టాలు ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నారు. ఈసారి 'ఇంజిన్ ఫిట్టర్' అని వేయండి. చోటు మిగిలితే కింద 'వారెంట్ ఆఫీసర్, రిటైర్డ్' అని కూడా.