‘మరి ఒరిజినల్ ఏమైందండీ?’

జెనెటిక్స్ ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళకు పేషెంట్లు కనబడరు. మా దాకా వచ్చేది ఒక ట్యూబు, దాని మీద బార్‌కోడు, అంతే. పరాయి దేశం వచ్చి తొమ్మిదేళ్ళయినా నేను రిపోర్టు రాసిన పిల్లల్లో ఒక్కరి మొహమూ చూడలేదు. అందుకే జెనెటిక్ కౌన్సిలర్ ఫోన్ చేసి "నీకు తెలుగొచ్చు కదా, ఒకసారి కిందికి రాగలవా?" అంటే, ఏదో సరదాకి అడుగుతోందనుకున్నాను.

దుబాసీ పని నేను చెయ్యకూడదు. దానికి శిక్షణ పొందినవాళ్ళే చెయ్యాలి, అది రూలు. ఆ కుటుంబానికి ఫోన్‌లో దుబాసీని పెట్టారు కూడా. తండ్రికి ఉద్యోగం ఇంగ్లీషు వచ్చు గానీ ఆస్పత్రి ఇంగ్లీషు రాదు. కౌన్సిలర్ ‘డూప్లికేషన్’ అంది. ఫోన్‌లోని మనిషి దాన్ని ‘డూప్లికేట్’ చేశాడు. తండ్రి కాసేపు ఊరుకుని, "మా బాబుకున్నది డూప్లికేట్ క్రోమోజోమ్ అయితే, మరి ఒరిజినల్ ఏమైందండీ?" అని అడిగాడు. దుబాసీ ఆ మాట ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో అప్పజెప్పాడు. కౌన్సిలర్‌కి ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అంతుపట్టలేదు.

నాకు మెట్లు దిగుతుంటేనే తెలిసిపోయింది. మన వాడుకలో డూప్లికేట్ అంటే నకిలీ. తాళంచెవి ఒక్కటే మినహాయింపు.

ఆ బాబు ఫలితం నేను చూసినదే. (గుర్తుపట్టకుండా ఇక్కడ కొన్ని వివరాలు మార్చాను.) డీఎన్‌ఏ ముక్కల్లో ఏది ఎక్కువైందో, ఏది తగ్గిందో చూసే మైక్రోఅర్రే పరీక్షలో క్రోమోజోముల పొడవునా వేల చుక్కలు పడతాయి. మామూలుగా ఉండాల్సిన రెండు ప్రతులు (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) ఉన్నచోట చుక్కలన్నీ సున్నా గీత మీద ఉంటాయి. ఒక ప్రతి పోతే లాగరిథమ్ (లాగ్ 2) లెక్క ప్రకారం మైనస్ 1కి జారిపోతాయి, కుర్చీలో వెనక్కి వాలి చూసినా తెలుస్తుంది. రెండు ప్రతులు మూడయితే మాత్రం అవి లేచేది 0.58 దాకానే. పోయింది కనబడినంత తేలిగ్గా ఎక్కువైంది కనబడదు. బాబుకి 15వ క్రోమోజోమ్ పొడుగు చేతి (పొడవాటి వైపు భాగం) మొదట్లో, సుమారు 50 లక్షల డీఎన్‌ఏ అక్షరాల మేర చుక్కలు లేచి ఉన్నాయి.

అర్రేకి ఒక లోపముంది. ఏ ముక్క ఎంత ఎక్కువుందో చెబుతుంది, ఆ ఎక్కువైనది ఎక్కడ చేరి కూర్చుందో చెప్పదు. ఆ అదనపు ముక్క పక్కనే అతుక్కుని ఉందా, లేక విడిగా ఒక చిన్న క్రోమోజోమ్‌గా తిరుగుతోందా? అది తేలాలంటే పాత పద్ధతిలో స్లైడు వేసి క్రోమోజోములను మైక్రోస్కోపులో చూడాల్సిందే.

స్లైడు వెయ్యడం నాకొచ్చిన విద్య అనుకుని ఈ దేశం వచ్చాను. మూడు వంతుల మిథనాల్‌కి ఒక వంతు అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో కణాలు ఉంటాయి, వాటిని ఒక్కొక్క బొట్టుగా గాజు మీద వదలాలి. బొట్టు ఆరుతున్నప్పుడు కణం పల్చగా పరుచుకుని క్రోమోజోములు విడివిడిగా పడాలి. ఇక్కడ నా మొదటి చలికాలం అంతా అవి ముద్దగానే పడ్డాయి. చెయ్యి తప్పిందేమోనని ఏడుపొచ్చింది. హీటర్లతో ఎండిపోయిన గాలిలో బొట్టు మరీ తొందరగా ఆరిపోతోందని, స్లైడు మీద నోటితో ఆవిరి ఊది అప్పుడు వెయ్యమని, రిటైరవబోతున్న సీనియరొకాయన చెప్పాడు. ఊదాను, విచ్చుకున్నాయి. గాలిలో తేమను కొలిచి సర్దే పెట్టె మా ల్యాబ్‌లో ఇప్పుడుంది గానీ, ఎవరూ చూడనప్పుడు నేనింకా ఊదుతూనే ఉంటాను.

మనిషికి క్రోమోజోములు 46 అని తేల్చింది కూడా ఒక వలసమనిషే. జావాలో పుట్టిన జో హిన్ జియో, యుద్ధకాలంలో జపాన్ వాళ్ళ నిర్బంధ శిబిరంలో గడిపి, యూరప్ చేరి, 1955 డిసెంబరులో స్వీడన్‌లోని లుండ్‌లో లెక్కపెట్టాడు. అప్పటికి 30 ఏళ్ళకు పైగా ప్రపంచమంతా 48 అనే నమ్మింది. ముద్దగా పడిన స్లైడు పారెయ్యాల్సొచ్చినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

కింద గదిలో నేను కౌన్సిలర్ అనుమతితో, ల్యాబ్ మనిషిగానే కూర్చున్నాను. "నకిలీ ఏమీ లేదండీ. బాబుకున్నదంతా ఒరిజినలే. ఒరిజినలే ఒకచోట ఇంకోసారి పడింది" అన్నాను. అచ్చాఫీసులో పుస్తకం కుట్టేటప్పుడు ఒక్కోసారి ఒకే ఫారం రెండుసార్లు పడుతుంది చూడండి, అలా అన్నాను. తండ్రి తలూపాడు. తల్లి మాత్రం అడగాల్సినదే అడిగింది: "రెండుసార్లుంటే నష్టమేంటక్కా? ఎక్కువే కదా ఉంది?"

చిక్కంతా అక్కడే ఉంది. అది నకిలీ అయ్యుంటే పనిచేసేదే కాదు, బాధా ఉండేది కాదు. అసలుదే కాబట్టి పనిచేస్తుంది. ఆ భాగంలో యూబీఈ3ఏ అనే జన్యువుంది, మెదడులో నరాల మధ్య సంకేతాలను శాంతపరిచే గాబా గ్రాహకాల జన్యువులూ ఉన్నాయి. మందు మంచిదే, డోసు మారింది. పిల్లలు మెత్తగా వాలిపోతూ ఉండటం, కూర్చోవడం, మాటలు ఆలస్యం కావడం, ఫిట్స్, ఆటిజం లక్షణాలు, ఇవన్నీ అక్కణ్ణుంచే. ఎవరికి ఎంత అన్నది మాత్రం బిడ్డబిడ్డకీ వేరు. అదే భాగం తల్లి ఇచ్చిన ప్రతిలో పోతే ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అనే జబ్బు, తండ్రి ఇచ్చినదాంట్లో పోతే ప్రాడర్-విల్లీ అనే ఇంకో జబ్బు. మెక్‌పీ2 జన్యువుదీ ఇలాంటి కథే. అది చెడితే రెట్ సిండ్రోమ్, ఎక్కువగా ఆడపిల్లల్లో. అదే రెండింతలైతే మగపిల్లల్లో ఇంకో జబ్బు, మాటిమాటికీ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లతో సహా.

తర్వాత ప్రశ్న కోసం గదిలో అందరూ కాచుకుని ఉన్నారని నాకు తెలుసు. "ఎవరి వైపు నుంచి వచ్చింది?" తండ్రి అడగలేదు. తల్లే అడిగింది, తల వంచుకుని.

నిజం చెప్పడం చాలా కష్టమైన చోటిది. మెదడులోని నరాల కణాల్లో యూబీఈ3ఏకి తల్లి నుంచి వచ్చిన ప్రతి మాత్రమే పలుకుతుంది, అంటే పనిచేస్తుంది, తండ్రి ప్రతి మౌనంగా ఉంటుంది. కాబట్టి ఈ జబ్బు తీవ్రంగా కనబడిందంటే, ఎక్కువైంది చాలావరకు తల్లి ఇచ్చిన క్రోమోజోమ్ మీదే అన్నమాట. ఈ ఒక్క ముక్క తెలుగులోకి మారేసరికి ‘తల్లి వల్ల వచ్చింది’ అయిపోతుంది. కానీ ఆ మార్పు చాలాసార్లు అండం తయారయ్యేటప్పుడే కొత్తగా పుడుతుంది. అక్కడ దాదాపు ఒకేలా ఉండే డీఎన్‌ఏ ముక్కలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. జత క్రోమోజోములు భాగాలు మార్చుకునే వేళ ఒక ముక్క తన జోడీని వదిలి పక్కదానితో జతపడుతుంది. దాంతో ఒక క్రోమోజోమ్‌కి తరుగు, ఇంకోదానికి మిగులు. ఎవరూ చేసింది కాదు, ఎవరూ ఆపగలిగింది కాదు. 1997లో పరిశోధకుడు ఎడ్విన్ కుక్ బృందం వివరించిన కుటుంబంలోనైతే తల్లికి అదే మార్పు తన తండ్రి నుంచి వచ్చింది, ఆమె బాగానే ఉంది. ఆమె ద్వారా అందుకున్న ఇద్దరు పిల్లలకే ఆటిజం లక్షణాలు వచ్చాయి.

కౌన్సిలర్ ఇదంతా నెమ్మదిగా, మూడుసార్లు ఆగి చెప్పింది. ‘వల్ల’ అనే మాట రాకుండా చూడమని నేను ముందే దుబాసీని బతిమాలుకున్నాను. "మీ నుంచి అందిన క్రోమోజోమ్ మీద" అన్నాడాయన. బాగానే అన్నాడు.

తల్లి శాంపిల్ గురువారం వచ్చింది. స్లైడు నేనే వేశాను. అందులో ఏమొచ్చిందో ఇక్కడ రాయను, అది వాళ్ళది.

ఆ తర్వాత నేనూ, కౌన్సిలరూ కూర్చుని దుబాసీల కోసం ఒక పట్టిక మొదలుపెట్టాం. డూప్లికేషన్ దగ్గర ‘అదనపు ప్రతి’ రాశాం. ‘రెట్టింపు’ అని ఎవరో సూచించారు గానీ రెండు మూడయితే రెట్టింపు ఎలా అవుతుంది? హాని చేస్తుందో లేదో ఇంకా తెలియని జన్యు మార్పుకి ‘అర్థం తేలని మార్పు’ అని ఇంకో గడిలో పెట్టాం. మనవాళ్ళ రిపోర్టుల్లో ఆ మాట తరచుగా వస్తుంది. పోల్చి చూసే డేటాలో యూరప్ మూలాలవాళ్ళే ఎక్కువ, మనం తక్కువ. దాన్ని ‘అనుమానాస్పదం’ అని మార్చితే ఆ ఇంట్లో నిద్ర ఉండదు.

తల్లి ప్రతి పలికి తండ్రి ప్రతి మౌనంగా ఉండటాన్ని ఇంగ్లీషులో ఇంప్రింటింగ్ అంటారు. ‘ముద్ర’ అని రాసి కొట్టేశాను. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.