ఎక్సెల్‌లో చెరువుల తేదీలు సరిచేసిన నా అనుభవం

భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువులకు లెక్కలు చూసే పని నాది. రోజుకి మేత ఎంత వేయాలి, పట్టుబడికి ఎప్పుడు సిద్ధపడాలి అన్న ప్రతిదానికీ ముందు చెరువులో రొయ్య పిల్ల వేసి ఎన్ని రోజులైందో తెలియాలి. దాన్నే మేం డీఓసీ అంటాం. ఈరోజు తేదీలోంచి పిల్ల వేసిన తేదీ తీసేస్తే ఎక్సెల్ చెప్పేస్తుంది. కానీ సూపర్‌వైజర్లు వాట్సాప్‌లో పంపిన తేదీలు షీట్‌లో పేస్ట్ చేసేసరికి చాలా వరసల్లో వాల్యూ ఎర్రర్ (లెక్క చేయలేనని ఎక్సెల్ చూపించే గుర్తు) వచ్చింది.

ఎర్రర్ వచ్చినవే నయం, తేడా ఉందని కనపడుతుంది. అసలు టెన్షన్ మూడో చెరువుతో. 135 రోజులని చూపించింది. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే, "అదేంటండీ, మొన్నీమధ్యేగా పిల్ల వేశాం!" అన్నాడు. ఆయన పంపింది 05/08/2024, అంటే ఆగస్టు 5. ఆఫీసు కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉండటంతో దాన్ని మే 8 అనుకుంది. 46 రోజుల పంటకి 89 రోజులు అదనంగా కలిశాయి. ఆ లెక్కన మేత ఎక్కువ వేస్తే, మిగిలింది చేరి చెరువు అడుగంతా పాడైపోతుంది. 25/08/2024 లాంటివేమో, ఇరవై ఐదో నెల లేదు కాబట్టి, తేదీగా మారకుండా టెక్స్ట్‌గానే గడిలో ఎడమవైపు అంటుకుని ఉన్నాయి.

ఎక్సెల్‌కి తేదీ అంటే 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కించే అంకె. ఆ ఆగస్టు 5 దాని లెక్కలో 45509. ఒకసారి మే 8గా మారిపోయాక ఫార్మాట్ ఎన్నిసార్లు మార్చినా లోపలి అంకె మారదు. అందుకే ఆ కాలమ్ మొత్తం తీసేసి, ఖాళీ కాలమ్‌కి ముందే టెక్స్ట్ ఫార్మాట్ పెట్టి, తేదీలు మళ్లీ పేస్ట్ చేశాను. తర్వాత డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్, మూడో స్టెప్‌లో డేట్ దగ్గర డీఎంవై, అంటే రోజు, నెల, సంవత్సరం వరస, ఎంచుకున్నాను. చుక్కలు పెట్టి రాసిన 12.6.24 లాంటివి కూడా సరిగ్గా వచ్చాయి. "జూన్ 12" అని తెలుగులో రాసినవి చేత్తోనే కొట్టాను.

పక్క కాలమ్‌లో ఈజ్‌నంబర్ ఫార్ములా (గడిలో ఉన్నది అంకె అయితే ట్రూ, కాకపోతే ఫాల్స్ అంటుంది) పెట్టి, ఫాల్స్ వచ్చిన వరసలు వెతికి పట్టుకున్నాను. ట్రూ వచ్చినంత మాత్రాన తేదీ కరెక్టని కాదు, అందుకే డీఓసీ 120 దాటిన ప్రతి చెరువుకీ ఫోన్ చేసి అడిగాను. తర్వాత మా ఓనరుగారిని అడిగి విండోస్‌లో రీజియన్ ఇండియాకి మార్పించాను. సూపర్‌వైజర్లకి మాత్రం నెల అంకెల్లో వద్దు, 05-ఆగస్టు-2024 అని అక్షరాల్లోనే పంపమన్నాను. నేను షీట్‌లో ఎక్కించుకుంటాను.