సాలీ లెక్కలోకి రాదట

సోనిక్ అనే నీలి ముళ్లపంది కథల్లోని రాకుమారి సాలీ గురించి బుజ్జిగాడు అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అన్నం తింటూ "సాలీ వీడియో ఆటల్లో లేదు కదా పిన్నీ, ఇక ఆమె లెక్కలోకి రాదు" అని తేల్చేశాడు. 1993లో వచ్చిన సోనిక్ స్పిన్‌బాల్ అనే ఆటలో కాసేపు కనబడుతుందని చెప్పబోయి ఊరుకున్నాను. సాలీ విలువ నిలబడేది ఆ కాసేపటి మీద కాదు. టీవీ కార్టూన్ కోసం పుట్టి, ఆర్చీ అనే ప్రచురణ సంస్థ వాళ్ల సోనిక్ కామిక్స్‌లో పెరిగిన పిల్ల ఆమె. పరుగు సోనిక్‌ది, ఆలోచన సాలీది.

ఈయన లైటు ఆర్పమంటున్నారు. ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆ కామిక్స్‌లో 230వ సంచిక నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. లోకంలోని ప్రాణులందరినీ ఒక్కసారిగా యంత్రాలుగా మార్చేయాలని సోనిక్ శత్రువు ఎగ్‌మ్యాన్ పన్నాగం. సాలీ ఒంటరిగా ఆ యంత్రం దగ్గరికి చేరి దాన్ని అడ్డుకుంటుంది. అందరూ బతుకుతారు, తను మాత్రం ఉక్కుబొమ్మగా మిగిలిపోతుంది. ఆ తర్వాత ఎగ్‌మ్యాన్ ఆమెనే స్నేహితుల మీదికి యుద్ధానికి పంపుతాడు. ఎదురుగా నిలబడింది సాలీ అయినప్పుడు సోనిక్ చేయి ఎలా లేస్తుంది? ఆమెను ఎలా వెనక్కి తెస్తారా అని సంచిక తర్వాత సంచిక ఎదురుచూశాను.

ఎవరూ తేలేదు. 2013లో మెగా మ్యాన్ అనే మరో వీడియో ఆట హీరోతో కలిపి ఒక పెద్ద కథ నడిపారు. చివర్లో మెగా మ్యాన్ తన లోకాన్ని ఉన్నదున్నట్టు తిరిగి తెచ్చుకున్నాడు. సోనిక్ వంతు వచ్చేసరికి ఎగ్‌మ్యాన్ అడ్డుపడ్డాడు, లోకమంతా కొత్తగా రాసుకుపోయింది. ఆ కొత్త లోకంలో సాలీ మామూలుగానే ఉంది, యంత్రం కాలేదు. ఆమెను కాపాడే పనే లేకుండా పోయింది! పెళ్లి మధ్యలో పందిరి పీకేసినట్టు ఉండింది నాకు. సోనిక్ స్నేహితుడు నకిల్స్ పక్కన ఏళ్ల తరబడి నడిచిన జూలీ-సూ పేరు కూడా మళ్లీ వినబడలేదు. ఆ పాత్రల హక్కుల మీద పాత రచయిత కెన్ పెండర్స్‌కూ ఆర్చీకీ కోర్టులో నడిచిన వివాదం తెలిసిందే. హక్కులు ఎవరివైనా కానీ, జూలీ-సూకు ఒక్క పేజీ వీడ్కోలు దక్కాల్సింది.

ఇంతవరకు రాసి ఆ తర్వాతి సంచికలు మళ్లీ తిరగేశాను. కోపం కొంత తగ్గింది. సోనిక్‌కు మొదట్లో పాత లోకం గుర్తుంటుంది. పోయినదాన్ని పోలేదని నటించకుండా, ఆ జ్ఞాపకం మెల్లగా చెరిగిపోవడాన్ని కూడా కథలోకి తెచ్చారు. రచయిత ఇయన్ ఫ్లిన్ చేతిలో ఉన్నంత వరకు న్యాయం చేశాడనే అనిపిస్తోంది. 2018లో ఐడీడబ్ల్యూ అనే మరో ప్రచురణ సంస్థ వాళ్లు సోనిక్ కామిక్స్‌ను కొత్తగా మొదలుపెట్టినప్పుడు రాసింది కూడా ఆయనే. తన దళాన్నంతా పోగొట్టుకుని ముసుగు వెనక దాక్కున్న తోడేలు విస్పర్ అంటే నాకు ప్రాణం. ఆమె, ఆమె స్నేహితురాలు టాంగిల్ పుట్టింది కామిక్స్‌లోనే, అయినా ఫోను ఆటలోకి వచ్చారు. అంటే గుమ్మం దాటించేది ఒప్పంద పత్రాలే, పాత్ర గొప్పతనం కాదు.

సాలీకి ఆ అదృష్టం దక్కలేదు. 2016 చివర్లో వచ్చిన 290వ సంచికతో ఆర్చీ కథ ఆగిపోయింది, కొత్త లోకం కూడా సగంలోనే మిగిలింది. విస్పర్ ఎంత నచ్చినా సరే, నాకు 291 కావాలి.