పోటీ నిబంధనల్లో ‘పొరుగు’ అనే మాట

నేను చదువుతున్న అమెరికా విశ్వవిద్యాలయంలోని స్లావిక్ శాఖ ఏటా వసంతకాలంలో విద్యార్థులకు ఒక వ్యాస బహుమతి ప్రకటిస్తుంది. వ్యాసం స్లావిక్ సంస్కృతుల మీద గానీ, వాటి పొరుగు సంస్కృతుల మీద గానీ ఉండాలి. తరగతి కోసం రాసినదాన్నే సరిదిద్ది పంపినా అభ్యంతరం లేదు. మూలభాషలోని ఆధారాలను చదివి రాసినవాటికి ప్రాధాన్యం ఉంటుంది. పరీక్షకులకు తెలియకుండా ఉండేందుకు రాసినవారి పేరు ఎక్కడా కనిపించకూడదు. బహుమతి సొమ్ము ఇక్కడి నెల అద్దెలో సగానికి కూడా చాలదు గానీ, ముగ్గురు అధ్యాపకులు మన వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి అభిప్రాయం రాసిస్తారన్నదే అసలు ఆకర్షణ. రెండేళ్ల క్రితం ఆ ప్రకటన మొదటిసారి చదివినప్పుడు నేను ‘పొరుగు’ అనే మాట దగ్గర ఆగిపోయాను.

రష్యన్, ఉక్రేనియన్, పోలిష్, చెక్, బల్గేరియన్, సెర్బియన్ భాషలు స్లావిక్ కుటుంబానికి చెందినవి. వాటి నడుమనో, అంచుననో ఉన్న హంగేరియన్, రుమేనియన్, లిథువేనియన్, ఎస్టోనియన్, జార్జియన్, ఆర్మేనియన్ భాషలు ఆ కుటుంబానివి కావు. అయినా వీటిని నేర్పే శాఖల పేర్లలో చాలాకాలం స్లావిక్ అన్న ఒక్క మాటే ఉండేది. ఈ రంగంలోని అమెరికన్ పండితుల సంఘం 1948లో ‘స్లావిక్ అధ్యయనాల’ పేరుతోనే మొదలై, 2010లో గానీ తూర్పు యూరప్‌ను, యురేషియాను తన పేరులోకి తెచ్చుకోలేదు. ఉక్రెయిన్ మీద 2022లో రష్యా పూర్తిస్థాయి దాడికి దిగాక, అన్నిటినీ మాస్కో కిటికీలోంచే చూసే అలవాటు మీద చర్చ బాగా పెరిగి, 2023లో ఆ సంఘం వార్షిక సదస్సుకు వలసభావ విముక్తినే ప్రధానాంశంగా పెట్టుకుంది.

అప్పటికి నాకు రెండేళ్ల రష్యన్, ఒక ఏడాది హంగేరియన్ వచ్చు. హంగేరియన్‌లోకి వచ్చిన స్లావిక్ మాటల మీద వ్యాసం రాశాను. హంగేరియన్ల పూర్వీకులైన మగ్యార్లు తొమ్మిదో శతాబ్దం చివర కార్పేతియన్ మైదానానికి చేరేసరికి అక్కడ స్లావులు సేద్యం చేసుకుంటూ ఉన్నారు. ఎండుగడ్డికి ‘సేన’, పొడవాటి పిడి ఉన్న గడ్డికోత కొడవలికి ‘కస’, నూర్చగా మిగిలిన గడ్డికి ‘సల్మ’ అన్న హంగేరియన్ మాటలు వాళ్ల దగ్గర తీసుకున్నవే. గుర్రానికి ‘లో’, జీనుకు ‘న్యెరెగ్’ అన్నవి మాత్రం వెంట తెచ్చుకున్న సొంత మాటలు. వారాల పేర్లు ఇంకా చిత్రమైనవి. బుధవారం ‘సెర్ద’ అంటే స్లావిక్‌లో నడిమిది, గురువారం ‘చ్యుతోర్తోక్’ నాలుగోది, శుక్రవారం ‘పేంతెక్’ అయిదోది. (వారం ఆదివారంతో మొదలైతేనే బుధవారం నడిమిది అవుతుంది, సోమవారంతో మొదలైతేనే గురువారం నాలుగోది అవుతుంది, ఈ తిరకాసు స్లావులదే, హంగేరియన్లది కాదు.) మన చతుర్థికీ పంచమికీ మూలమైన సంస్కృత సంఖ్యలకు ఆ నాలుగూ అయిదూ దూరపు చుట్టాలే. ఇలా పట్టికల మీద పట్టికలు వేసి, ఇది తప్పక గెలుస్తుందనే ధీమాతో పంపాను.

గెలవలేదు. లిథువేనియాలో 1864 నుంచి 1904 వరకు రష్యన్ ప్రభుత్వం లాటిన్ లిపిలో లిథువేనియన్ పుస్తకాల ముద్రణను నిషేధించిన కాలం గురించి రాసిన వ్యాసానికి బహుమతి వచ్చింది. తూర్పు ప్రష్యాలో అచ్చయిన పుస్తకాలను మూటలు కట్టుకుని సరిహద్దు దాటించిన పుస్తకవాహకుల వైపునుంచి చెప్పిన కథ అది. నేనూ చదివాను, ఇవ్వవలసినదానికే ఇచ్చారు. నా వ్యాసం కింద ఒక పరీక్షకురాలు రాసిన అభిప్రాయం సారాంశం ఇది: హంగేరియన్ ఏమి తీసుకుందో లెక్క చక్కగా ఉంది గానీ, తీసుకున్నదానితో ఏమి చేసిందో ఎక్కడా లేదు.

ఆ మాట చాలా రోజులు నన్ను వదలలేదు. బడిలో మనం ప్రకృతి–వికృతులు వల్లె వేస్తాం: అగ్ని–అగ్గి, రాత్రి–రాతిరి, ఆశ్చర్యం–అచ్చెరువు. సంస్కృతంలో ఉన్నది ప్రకృతి, తెలుగు నోట మారినది వికృతి. వ్యాకరణంలో ఆ మాటకు వేరే అర్థమే ఉన్నా, అగ్గి అనేది చెడిపోయిన అగ్ని అన్న భావం మాత్రం చిన్నప్పుడే మనసులో నాటుకుంటుంది. నేను హంగేరియన్‌కు చేసింది సరిగ్గా అదే: స్లావిక్ మాటను ప్రకృతిగా ఒక గడిలో పెట్టి, హంగేరియన్ మాటను వికృతిగా పక్క గడిలోకి తోసేశాను.

ఈ ఏడు అదే వ్యాసాన్ని తిరగరాశాను. స్లావిక్ ‘స్తోల్’ హంగేరియన్‌లో బల్ల అనే అర్థంతో ‘అస్తల్’ అయింది. మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావడం ఆనాటి హంగేరియన్‌కు సరిపడక ముందు ఒక అచ్చు చేర్చుకుంది. ‘చ్యుతోర్తోక్’లో అచ్చులన్నీ ఒక్క తీరుకు సర్దుకోవడానికి కారణం, ఒకే మాటలోని అచ్చులు ఒకదానితో ఒకటి పొసగాలనే ఆ భాష నియమం. ఇంట్లో అనడానికి ‘హాజ్‌బన్’, తోటలో అనడానికి ‘కెర్త్‌బెన్’ అని వాళ్లు ప్రత్యయాన్ని మార్చుకోవడం, మనం ‘మనిషికి’, ‘గురువుకు’ అనడం లాంటిదే. ఆదివారం ‘వషార్నప్’ అంటే సంత రోజు. అందులోని ‘వషార్’ పాత ఇరానియన్ భాషలనుంచి వచ్చింది, మన బజారు పారసీకం నుంచి వచ్చింది. ఈ రెండూ ఒకే మూలానివి. కాబట్టి హంగేరియన్‌కు పొరుగు స్లావులు ఒక్కరే కారు.

వ్యాసం పంపే ముందు ఒక చిక్కు వచ్చింది. బడికి లాటిన్‌నుంచి వచ్చిన హంగేరియన్ మాట ‘ఇష్కోల’. మాట ముందు అచ్చు చేరడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ లేదు. దాని పక్కన మా నాయనమ్మ జీవితమంతా పలికిన ‘ఇస్కూలు’ను పెడితే వాదం ఇట్టే అర్థమవుతుంది. కానీ మా శాఖలో తెలుగు వచ్చినది నేనొక్కడినే కనుక, ఆ మాట ఉంచితే పేరు రాసి పంపినట్టే లెక్క. శాఖ సహాయకురాలిని అడిగితే, నిబంధనలో పేరు ఉండకూడదని మాత్రమే ఉందని, ఉదాహరణల గురించి ఏమీ లేదని చెప్పింది. నిన్న సాయంత్రం ‘ఇస్కూలు’ను ఉంచే పంపాను.