సభాకంపమూ కమానూ: ఆషాఢం నుంచి ఆరాధన దాకా నా వయొలిన్ సాధన

విశాఖపట్నంలో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ, సాయంకాలాలు కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. తరగతి నిండా విద్యార్థులున్నా మాట తడబడని నాకు, వయొలిన్ పట్టుకొని పదిమంది ఎదుట కూర్చునేసరికి కుడి చేయి వణుకుతుంది. ఆ వణుకును పూర్తిగా పోగొట్టుకోవడం ఎలాగా అన్న ఆలోచన మాని, అది ఉండగానే వాయించగలిగేటట్లు చేతిని, కమానును (తీగల మీద లాగే, వెంట్రుకలు కట్టిన కర్రను), ఎంచుకునే రచనను, వాయించే రోజు దినచర్యను ముందుగా అమర్చుకోవాలని ఆషాఢంలో నిశ్చయించుకున్నాను. 1847లో త్యాగరాజస్వామి సిద్ధి పొందిన పుష్య బహుళ పంచమి నాడు మా ప్రాంతపు సభవారు జరిపే ఆరాధనలో, ఔత్సాహికులకు ఇచ్చే కొద్ది నిమిషాలలో ఒక వర్ణమూ (స్వరాలు నిండుగా ఉండే రచన) ఒక కృతీ (కీర్తన) ఒంటరిగా వాయించడం నేను పెట్టుకున్న గమ్యం. నడివయసులో వాయిద్యం పట్టినవారికి పనికివస్తుందని ఆ నెలల సాధనను వివరంగా వ్రాస్తున్నాను.

ఆషాఢం

వణుకు ఎక్కడ పుడుతున్నదో, ఎక్కడ వినబడుతున్నదో తెలుసుకోవడంతో పని మొదలుపెట్టాను. భయం కలిగినప్పుడు రక్తంలో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొని వేళ్ళు చల్లబడతాయి, అరచేతులకు చెమట పడుతుంది. ఆరోగ్యవంతుల చేతిలో కూడా సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు జరిగే అతి సన్నని కదలిక ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మామూలుగా అది కంటికి కనబడదు, అడ్రినలిన్ దాన్ని పెద్దది చేస్తుంది. మనం నేలమీద కూర్చొని వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి, రెండో చివరను భుజానికీ ఛాతీకీ మధ్య అదిమి పట్టుకుంటాము కాబట్టి ఎడమ చేతికి మోసే భారం ఉండదు, పైగా ఆ చేతి వణుకు కొంతవరకు గమకంలో, అంటే స్వరాన్ని ఊపి పలికించడంలో, కలిసిపోతుంది. కుడి చేతి వణుకుకు అటువంటి చాటు లేదు. కమానును ఒక చివర మాత్రమే పట్టుకుంటాము కనుక వేళ్ళ దగ్గర పుట్టిన చిన్న కదలిక రెండో చివరకు చేరేసరికి పెద్దదవుతుంది, నిలుపు స్వరం ముక్కలు ముక్కలుగా వినబడుతుంది.

ఈ సంగతి గురువుగారితో చెప్పినప్పుడు ఆయన, "చూడమ్మా, వణికే చేతికి నెమ్మది పని ఇవ్వకు. కమానును నడిపించు, బరువు ఆననీ, పట్టు మాత్రం బిగించకు" అన్నారు. ఆ మాటను పట్టుకొని ఇంట్లో కమానును నాలుగు భాగాలుగా ఊహించుకొని ఒక్కొక్క భాగంలో వాయించి చూశాను. నెమ్మదిగా, తేలికగా లాగినప్పుడు నడిమి భాగంలోనే వణుకు ఎక్కువగా బయటపడుతున్నది, ఎందుకంటే కమాను సహజంగా ఎగిరే చోటు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. చేతికి దగ్గరగా ఉన్న సగంలో, మోచేతి బరువు తీగ మీద ఆనేటట్లు, కొంచెం వేగంగా లాగితే అదే వణుకు సగానికి పైగా అణిగిపోతున్నది. బొటనవేలూ చిటికెనవేలూ బిగిస్తే మాత్రం ఎంత బరువు వేసినా ప్రయోజనం లేదు. ఎదురెదురు కండరాలు ఒకదానినొకటి లాగి వణుకును ఇంకా పెంచుతాయి. కమాను మరను కాస్త వదులు చేసి వెంట్రుకల బిగువు తగ్గించినా ఎగురుడు తగ్గింది. కమాను వెంట్రుకలకు రాసే బంక, రోజిన్, మాత్రం వేదిక ఎక్కడానికి చాలాముందే సరిపోయినంత పూయాలి, తక్కువైతే కమాను తీగ మీద జారుతుంది.

శ్రావణం

రచనల ఎంపికకు ఈ నెల సరిపోయింది. చాలామంది ఔత్సాహికులు తాళం లేకుండా నెమ్మదిగా సాగే చిన్న రాగాలాపనతో మొదలుపెట్టాలని ముచ్చటపడతారు. భయం తారస్థాయిలో ఉండే తొలి నిమిషంలో చేతికి అన్నిటికంటె కష్టమైన నెమ్మది కమానును అప్పగించడం నాకు సరిగా తోచలేదు. అందువల్ల మోహనంలో ఆది తాళ వర్ణం మొదట పెట్టుకున్నాను. స్వరాలు వెంట వెంట వస్తాయి, కమాను తరచు మారుతుంది, చేతికి ఆగే వ్యవధి ఉండదు.

కాలప్రమాణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే భయంలో వేగం పెరుగుతుందన్న సంగతి వాయించేవారికి ఆ క్షణంలో తెలియదు. ఇంట్లో నిమిషానికి 60 క్రియలుగా (తాళపు దెబ్బలుగా) సాగే వర్ణం, ఎవరైనా వింటున్నప్పుడు చేసిన రికార్డింగులలో 70 దాటి మొదలవుతున్నట్లు మెట్రోనోమ్‌తో సరిచూస్తే తేలింది. తొలి ఆవర్తాలలో (తాళపు చుట్లలో) అది హుషారుగానే ఉంటుంది గాని, చరణం తరువాతి స్వర వరుసలైన ఎత్తుగడ స్వరాలు వచ్చేసరికి వేళ్ళు అందుకోలేవు. ఇప్పుడు పల్లవిని తలచుకొని తాళం వేయడం మానేశాను. ఆ వర్ణంలో అన్నిటికంటె ఒత్తుగా ఉన్న స్వరాల వరుసను మనసులో ఒకసారి పాడుకొని, అది సాఫీగా సాగే కాలాన్ని పట్టుకొని, ఆ కాలంలో పల్లవి ఎత్తుకుంటాను. నా సాధనలో ఇంతగా ఫలితం ఇచ్చిన పద్ధతి మరొకటి లేదు.

మరచిపోతానన్న భయం ఇంకొకటి. కచేరీ వేదిక మీద స్వరం వ్రాసిన కాగితం పెట్టుకోవడం మన సంప్రదాయంలో మర్యాద కాదు, గురువుగారు ఒప్పుకోరు కూడా. వర్ణాన్ని ఎప్పుడూ మొదటి నుంచి చివరకే సాధన చేస్తే మధ్యలో తెగినప్పుడు మళ్ళీ పల్లవి తప్ప వేరే దారి తెలియదు. అందుకని అనుపల్లవి, దాని తరువాతి ముక్తాయి స్వరం, చరణం, ఒక్కొక్క ఎత్తుగడ స్వరం వేర్వేరు చీటీల మీద వ్రాసి, ఏ చీటీ వస్తే అక్కడి నుంచి ఎత్తుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎక్కడైనా దారి తప్పితే తాళం వదలకుండా షడ్జం (స) పట్టుకొని, మిగిలిన ఆవర్తాన్ని దానితో నింపి, తరువాతి సమానికి (ఆవర్తం మొదటి దెబ్బకు) దగ్గరలో ఉన్న మకాములో, అంటే చీటీ మీద వ్రాసుకున్న ఏదో ఒక భాగం మొదట్లో, చేరాలి. ఇది కూడా సాధన చేయవలసిన విద్యే. మృదంగం నేర్చుకుంటున్న మా మేనల్లుడు వచ్చిన రోజుల్లో వాడితో ముందే చెప్పి, కావాలని మధ్యలో ఆపి, షడ్జంతో నిలిచి, తిరిగి కలిసేదాన్ని.

భాద్రపదం

గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు వాయించడం ఎలా ఉంటుందో శరీరానికి ముందే తెలియాలి. మా అపార్టుమెంటు మెట్లు పై అంతస్తు దాకా గబగబా ఎక్కి వచ్చి, ఆయాసం తీరకముందే శ్రుతి పెట్టె వేసుకొని వర్ణం ఎత్తుకోవడం ప్రారంభించాను. మెట్లెక్కిన ఆయాసమూ సభాకంపమూ ఒకటి కావు, నిజమే. కాని గుండె చప్పుడు చెవుల్లో వినబడుతుండగా తాళం నిలుపుకోవడం మాత్రం దీనివల్ల వచ్చింది. ఫోను ఎదురుగా పెట్టి రికార్డింగు ఆన్ చేసి, బాగున్నా బాగా లేకపోయినా ఆపకుండా చివరిదాకా వాయించాలన్న నియమం కూడా అప్పుడే పెట్టుకున్నాను.

వినాయక చవితి పందిరిలో, పూజ అయిన తరువాత వర్ణం మాత్రం వాయించాను. పిల్లలు పరుగెడుతున్నారు, ప్రసాదాలు పంచుతున్నారు, శ్రద్ధగా విన్నవారు కొద్దిమందే. తొలిమెట్టుకు అటువంటి చోటే మంచిదని నా నమ్మకం. పల్లవి తొలి ఆవర్తాలలో చేయి బాగా వణికింది. అనుపల్లవి దాటేసరికి చాలావరకు తగ్గింది. ఆ తరువాత వాయించిన ప్రతి చోటా ఇదే వరుస కనబడింది. మొదలుపెట్టే ముందూ, మొదలుపెట్టిన వెంటనే భయం శిఖరంలో ఉండి, తరువాత దానంతట అదే దిగుతుంది. కాబట్టి ఆ కొద్ది నిమిషాలలో వచ్చే సంగతులను తక్కిన వాటికంటె రెట్టింపు గట్టిగా సాధన చేయడం న్యాయం.

దసరా నుంచి కార్తీకం దాకా

దసరా రోజుల్లో ఒక దేవాలయం హాలులో వాయించినప్పుడు ఎదురైన చిక్కులు సంగీతానికి సంబంధించినవి కావు, అయినా భయాన్ని పెంచినవి అవే. అనుకున్న సమయం చాలాసేపు వెనక్కి జరిగింది. ఏసీ హాలులో గాలి పొడిగా ఉండడంవల్ల తీగలు బిగించే కొయ్య బిరడాలు కుంచించుకొని జారాయి. మన సముద్రతీరపు తేమకు అలవాటుపడిన వాయిద్యానికి ఇది తరచు జరిగేదే. ఇప్పుడు హాలుకు చేరగానే పెట్టె తెరిచి వాయిద్యాన్ని ఆ గాలికి అలవాటు పడనిస్తాను, బిరడాలను లోపలికి నొక్కుతూ తిప్పుతాను, మంద్ర షడ్జం నుంచి మధ్య పంచమం దాకా నాలుగు తీగలనూ నా ఆధార స్థాయి అయిన ఒకటిన్నర శ్రుతికి రెండుసార్లు సరిచూస్తాను. మైకు పెట్టినప్పుడు స్పీకరులోంచి వచ్చే నాదం మన చెవికి పరాయిదిగా వినబడి కంగారు పుడుతుంది. వీలైతే ముందుగా వెళ్ళి ఒక్క సరళీ వరుసైనా మైకులో వాయించుకోవడం మేలు.

చల్లబడిన వేళ్ళకు ఫ్లాస్కులో వేడినీళ్ళు, చిన్న తుండుగుడ్డ తీసుకువెళతాను. వేళ్ళు వెచ్చబడ్డాక తడి పూర్తిగా తుడిచి, ఎడమ చేతి వేళ్ళకు కొబ్బరినూనె చాలా పలుచగా అద్దుకుంటాను. చెమట మీద నూనె అద్దితే జారుడు అదుపు తప్పుతుంది. కాఫీ విషయంలో పొద్దుటి కాఫీ మానను, మానితే తలనొప్పి వస్తుంది. మధ్యాహ్నం తరువాతి కాఫీ మాత్రం వాయించే రోజున తాగను, ఎందుకంటే కెఫీన్ కూడా వణుకును పెంచేదే. భోజనం బదులు రెండు గంటల ముందు ఇడ్లీలు తింటే నాకు సరిపోతుంది.

కార్తీకంలో, వైద్యుడైన మా పెదనాన్నగారి అబ్బాయిని మాత్రల గురించి అడిగాను. అడ్రినలిన్ ప్రభావాన్ని గుండె మీద, కండరాల మీద అడ్డుకునే బీటా బ్లాకర్లు వణుకును నిజంగా తగ్గిస్తాయి. 1977లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తీగ వాయిద్యకారుల మీద ఆక్స్‌ప్రెనొలాల్ అనే మందు ప్రభావాన్ని పరీక్షించిన అధ్యయనం వచ్చింది, నేడు ఈ అవసరానికి ఎక్కువగా వినబడే పేరు ప్రొప్రానొలాల్. అన్నయ్య నాకు వద్దని ఖండితంగా చెప్పాడు, ఎందుకంటే నాకు ఉబ్బసం ఉంది, ఈ మందులు శ్వాసనాళాలను బిగుసుకుపోయేటట్లు చేయగలవు. ఇతరులైనా వైద్యుని పరీక్ష లేకుండా తోటి కళాకారుల చేతి నుంచి మాత్ర తీసుకొని వేసుకోవడం ప్రమాదకరం. సంగీత వర్గాలలో ఈ విషయాన్ని దాచకుండా మాట్లాడుకోవడం అవసరమని నేను గట్టిగా భావిస్తున్నాను.

మాత్ర లేనివారికి శ్వాస ఉన్నది. సెకనుకు ఒకటి చొప్పున నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. వదిలే శ్వాస పొడవుగా ఉన్నప్పుడు గుండె వేగం కొంత తగ్గుతుంది. దీన్ని వేదిక పక్కన కూర్చొని అప్పటికప్పుడు మొదలుపెడితే ఫలితం తక్కువ, రోజూ సాధనకు ముందు చేస్తేనే అవసరానికి అందుతుంది. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ప్రచురించిన పరిశోధన కూడా నాకు ఉపకరించింది. పాడబోయే ముందు తమను తాము శాంతపరచుకోవాలని చూసినవారికంటె, ఆ కలవరాన్ని ఉత్సాహంగా చెప్పుకున్నవారు మెరుగ్గా పాడారని అందులో తేలింది. "భయపడకు" అని చెప్పుకున్నప్పుడు నా మనసు భయం చుట్టూనే తిరిగేది. "ఈ వర్ణం వాళ్ళకు వినిపించాలని ఉంది" అని చెప్పుకున్నప్పుడు అదే గుండె దడ అంత బరువుగా అనిపించలేదు.

ధనుర్మాసం, ఆరాధన

1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల ఆదిభట్ల నారాయణదాసుగారి అధ్యక్షతన మొదలైన నాటి నుంచి అక్కడ వయొలిన్ బోధించిన ద్వారం వేంకటస్వామినాయుడుగారి శిష్యపరంపరలో చదువుకున్నవారు మా గురువుగారు. ఒక్క కమానుకు ఒక్క స్వరం చొప్పున సరళీ వరుసలు వాయించడం ఆయన ఇచ్చిన నిత్య నియమం, వణుకు ఉన్నదని దాని నుంచి నాకు మినహాయింపు దొరకలేదు. ధనుర్మాసమంతా తెల్లవారుజామున, వేళ్ళు సహజంగానే చల్లగా ఉండే వేళ, ఈ నెమ్మది కమానే నా సాధన. సాయంకాలాలు త్యాగరాజస్వామి అయిదు కృతులైన ఘనరాగ పంచరత్నాల బృంద సాధనకు వెళ్ళాను. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలో ఉన్న ఆ అయిదూ ఆది తాళంలోనే ఉండడంవల్ల, ఒకసారి కాలప్రమాణం స్థిరపడితే గుంపులో చేయి నిదానిస్తుంది. పక్కన అయిదారు వయొలిన్లు మోగుతున్నప్పుడు పొడుగాటి కమాను లాగే ధైర్యం వస్తుంది. ఒంటరిగా వాయించడానికి ముందు ఈ మెట్టు తప్పక ఉండాలి.

ఆరాధన నాడు నా పేరు పిలిచేసరికి చేయి మునుపటంతగానే వణికింది. ఒత్తు స్వరాలను తలచుకొని తాళం పట్టుకున్నాను, కమానులో చేతికి దగ్గరి సగంతో వర్ణం ఎత్తుకున్నాను, అనుపల్లవికి వణుకు అణిగింది. తరువాతి కృతిలో అనుపల్లవి తార షడ్జం (పై స్థాయి స) మీద నిలిచే చోట కమాను కదలడం మొదలైంది. అటువంటి సందర్భానికని సాధన చేసిపెట్టుకున్నట్లే ఆ స్వరాన్ని ఒక్క కమానులో కాక రెండు కమానులలో పంచి వాయించాను. తరువాత రికార్డింగు విన్నాను. వర్ణం 62 దగ్గర మొదలై చివరిదాకా అక్కడే నిలిచింది. వణుకు పల్లవిలో స్పష్టంగా వినబడుతున్నది, తార షడ్జం దగ్గర కమాను మారిన సంగతి మాత్రం తెలిసినవారికి తప్ప తెలియదు. గురువుగారు కృతిలోని ఒక గాంధారం శ్రుతి గురించి మందలించారు, చేతి గురించి ఏమీ అనలేదు.

శ్రీరామనవమి పందిరిలో వాయించడానికి పిలుపు వచ్చింది. ఈసారి వర్ణం తరువాత, చేయి స్థిమితపడ్డాక, కృతికి ముందు ఒక్క నిమిషం రాగాలాపన చేర్చాలని గురువుగారి ఆదేశం. మధ్య స్థాయిలోనే ఉండి, కమానుకు రెండు సంచారాలకు (చిన్న స్వర పదాలకు) మించకుండా, ప్రతి సంచారమూ షడ్జం మీదో పంచమం మీదో తెరచిన తీగతో ముగిసేటట్లు దాన్ని వ్రాసుకున్నాను. తెరచిన తీగ మీద వేలు ఉండదు కాబట్టి శ్రుతి భయం లేదు, చేతి శ్రద్ధంతా కమానుకే ఇవ్వవచ్చు. ఈ వారం నుంచి మెట్లెక్కి వచ్చిన తరువాత వాయించేది ఆ ఆలాపనే.